ఆమోదిత కటకం

మునగగరువు వంతెన ఫొటోని కాలువల డివిజన్ ఆఫీసు వాళ్ళు మూడుసార్లు తిప్పి పంపారు. మొదటిసారి దాని మీద "అస్పష్టము" అని రాశారు. రెండోసారి "మిక్కిలి అస్పష్టము" అని రాశారు. మూడోసారికి మాటలు దొరికినట్టు లేవు, ఎర్ర సిరాతో అడ్డగీత కొట్టి ఊరుకున్నారు.

ఆ ఫొటో తీసినవాడు తాతబ్బాయి. ఎనిమిదో నంబరు కాలువకి లస్కరు, అంటే గట్టు వెంట తిరుగుతూ తూములూ గండ్లూ కనిపెట్టుకుని ఉండే కాపలా మనిషి. ఫొటో తీసింది తన సెల్‌ఫోనుతోనే. ఆ ఫోను రెండుసార్లు కాలువలో మునిగి తేలింది. వెనక మూత ఊడిపోకుండా దానికి సైకిలు ట్యూబు ముక్క తొడిగి ఉంటుంది. మిట్టమధ్యాహ్నం ఎండ కూడా అందులో ముసురు పట్టినట్టే పడుతుంది. అయినా వంతెన మాత్రం పడింది. నడిమి స్తంభం, దాని మొదట్లో ఇటుకలు ఊడిపోయి మనిషి దూరేంత బొరియ, ఆ బొరియలోంచి అవతలి గట్టు మీద మేస్తున్న గేదె, అన్నీ కనిపిస్తున్నాయి. ఆ గేదె ఎవరిదో మునగగరువులో ఎవరినడిగినా చెబుతారు.

కాలువకి అవతల మునగగరువు, ఇవతల బడీ, ఆస్పత్రీ, బస్సూ, పాలకేంద్రమూ. రెంటినీ కలిపేది ఈ వంతెన ఒక్కటే. అది కాదంటే లాకుల మీదుగా ఆరు కిలోమీటర్లు చుట్టు తిరిగి రావాలి. కిందటేడు భాద్రపదంలో, కాలువ నిండుగా పారుతున్న రోజున, పాలు పోసే మాణిక్యం రెండు క్యాన్లతో వంతెన దాటుతుంటే నడిమి పలక ఒరిగి మనిషి నీళ్ళలో పడిపోయింది. తాతబ్బాయి దూకి, చేతికి దొరికిన జుట్టు పట్టుకుని లాక్కొచ్చి గట్టున పడేశాడు. క్యాన్లు ఎటు పోయాయో ఈనాటికీ తెలీదు. మాణిక్యం ఊపిరి తిప్పుకుని, లేచి కూచుని అన్న మాట అతని చెవుల్లో ఇంకా ఉంది.

"పతీసారీ నా జుట్టు నీ సేతికి దొరకాలని రాసిపెట్టి లేదు కదన్నయ్యా. దీన్ని బాగుసేయించు."

అదే రోజు తాతబ్బాయి వంతెనకి ఒక పక్కన మోకు కట్టాడు, పట్టుకుని నడవడానికి. ఊరంతా ఆ మోకు పట్టుకునే దాటుతోంది. మోకుని కూడా ఆ స్తంభానికే కట్టాల్సి వచ్చిందన్న సంగతి అతను ఎవరికీ చెప్పలేదు.

కాలువ మీద పనికి ఒక కాలం ఉంది. ఏప్రిల్ నడిమిన కాలువ కట్టేస్తారు, జూన్ ఒకటో తారీకున నీళ్ళు వదులుతారు. ఆ నెలన్నరలో చేసిందే పని. ఆ తర్వాత బ్రహ్మదేవుడు దిగొచ్చినా స్తంభం అడుగున ఒక్క ఇటుక పెట్టలేడు. ఆ సంగతి డివిజన్ ఆఫీసులో అందరికీ తెలుసు. కొత్తగా వచ్చిన ఎగ్జిక్యూటివ్ ఇంజనీరు, అదే ఈఈ, గజాననరావు గారికి తెలీదనుకుంటే అన్యాయం. ఆయనకీ తెలుసు, కాకపోతే అంతకన్నా గొప్ప సంగతి ఇంకోటి తెలుసుకుని ఉన్నారు.

ఆ ఫిబ్రవరిలో గజాననరావు గారిని "ప్రభుత్వ పనులు, ఛాయాచిత్ర సాక్ష్యము" అనే శిక్షణకి మూడు రోజులు పంపించారు. అక్కడ ఒక ఉపన్యాసకుడు, ఫొటోకి ప్రాణం లెన్సే గాని ఎదురుగా ఉన్న వస్తువు కాదని సెలవిచ్చాడట. మొదటి రోజు భోజనాల వేళకి ఆయనకి సందేహం ఉంది. మూడో రోజు భోజనాల వేళకి లేదు. తిరిగొచ్చిన మర్నాడే సర్క్యులర్ వేశారు.

"ఛాయాచిత్రమునందు వస్తువు అనిత్యము. నేడున్న వంతెన రేపు కూలవచ్చును. కటకము ఒక్కటే నిత్యము. కావున ఇకమీదట ఈ డివిజనునందు ఏ పని మంజూరు కావలెనన్నను, దానికి జతపరచు ఛాయాచిత్రము ఆమోదిత కటకముతో తీసినదై యుండవలెను. ఛాయాచిత్రమునందు ఏమున్నది అను విషయమై కార్యాలయ కాలము వృథా చేయరాదు."

కటకమంటే లెన్సని లస్కర్లకి చెప్పడానికి ఇంకో సర్క్యులర్ వెయ్యాల్సి వచ్చింది.

మూడోసారి ఫొటో తిరిగొచ్చాక తాతబ్బాయి, మాణిక్యం, వాళ్ళ సెక్షను అసిస్టెంట్ ఇంజనీరు సునంద ముగ్గురూ కలిసి ఈఈ గారి దగ్గరికి వెళ్ళారు. సునందకి ఉద్యోగం వచ్చి రెండేళ్ళయింది. చదువుకున్నదంతా ఇంకా మర్చిపోలేదు, అందుకని అప్పుడప్పుడూ ఇబ్బంది పడుతూ ఉంటుంది. ఈఈ గారు ఫొటో అందుకుని, సొరుగులోంచి భూతద్దం తీసి, నాలుగు మూలలూ వరసగా చూశారు. నడుమ చూడలేదు.

"అంచులు చూశావటయ్యా?" అన్నారు.

"వంతెన నడిమిన ఉందండి," అన్నాడు తాతబ్బాయి.

"నడుమ ఎవడైనా తీస్తాడు. కటకం యొక్క శీలం అంచులలో బయటపడుతుంది. ఇది చూడు, ఈ మూల గడ్డి ఉన్నది. గడ్డిపోచకీ గడ్డిపోచకీ మధ్య భేదమే లేదు. ఈ స్థితిలో నేను దేనిని నమ్మి సంతకం పెట్టాలి?"

"సార్, స్తంభం పునాది కోసుకుపోయింది," అంది సునంద. "కాలువ కట్టెయ్యగానే పని మొదలెట్టకపోతే ఈ వర్షాలకి ఆగదు."

"అమ్మాయీ, అది వస్తు చర్చ. మనం ప్రస్తుతం కటక చర్చలో ఉన్నాము."

మాణిక్యానికి ఈ చర్చలు రెండూ తెలీవు. "బాబూ, తవరే ఓపాలి వచ్చి సూడండి," అంది. "జీపులో అరగంట. కళ్ళతో సూత్తే తెలిసిపోద్ది."

గజాననరావు గారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. ఆయన చెడ్డవాడు కాడు. ఒక నిజాన్ని సామాన్యులకి ఎలా చెప్పాలా అని బాధపడుతున్నట్టు కనిపించారు.

"కంటితో చూచినది సాక్ష్యముగా స్వీకరించుటకు వీలులేదమ్మా. మానవ నేత్రమునందు కూడా ఒక కటకము ఉన్నది. అది ఆమోదిత జాబితాలో లేదు."

"ఎవరి కన్నైనానాండి?" అన్నాడు తాతబ్బాయి.

"నాది కూడాను," అన్నారు ఈఈ గారు, వినయంగా. "ఎడమ కంట శుక్లము మొదలైనదని వైద్యులే రాసి ఇచ్చారు."

ఆమోదిత కటకం కాలువ కట్టేసిన అయిదో రోజున వచ్చింది. పసిపిల్ల పట్టేంత పెట్టెలో, దూది పరుపు మీద పడుకుని వచ్చింది. నల్లగా, కుంచం అంత లావుగా ఉంది. దాన్ని తగిలించడానికి ఒక కెమెరా కూడా వచ్చింది గాని దాన్నెవరూ పట్టించుకోలేదు. ఆఫీసంతా చేరి కొబ్బరికాయ కొట్టారు. కొత్త జీపు వచ్చినా, కొత్త మోటారు వచ్చినా, కొత్త బీరువా వచ్చినా ఆ ఆఫీసులో పూజ చేసేది అటెండరు అప్పన్న. ముప్ఫయ్యేళ్ళ అలవాటు కొద్దీ అతను పసుపులో వేలు ముంచి, ముందువైపు గాజు మీద నిండుగా బొట్టు పెట్టి, దాని మీద కుంకం అద్ది, ఒక మల్లెపూవు కూడా అతికించాడు.

ఈఈ గారు కుర్చీలో కూలబడిపోయారు. తుడవడానికి తలో రుమాలూ తీసిన వాళ్ళందర్నీ చెయ్యెత్తి ఆపారు. రుమాలు ఆమోదిత రుమాలు కాదు. కంపెనీకి ఉత్తరం రాశారు. పసుపు అనే పదార్థం తమ గాజుకి ఏ దేశంలోనూ తగల్లేదనీ, పరిశీలించి చెబుతామనీ కంపెనీ జవాబు రాసింది. పరిశీలన పూర్తయ్యేసరికి పదకొండు రోజులు పట్టింది. ఆ పదకొండు రోజులూ ఎండకి కాలువ అడుగు బీటలు తీసింది. మునగగరువు జనం దిగువన కాలువలోంచే అడ్డంగా నడిచి ఇవతలికి వస్తున్నారు. తాతబ్బాయి పొద్దున్నా సాయంత్రం ఎండిన కాలువలో నిలబడి ఆ బొరియ చూసేవాడు.

ఇలాటి ప్రమాదం మళ్ళీ జరక్కుండా హెడ్ క్లర్కు లింగమూర్తిని "కటక సంరక్షకులు"గా వేశారు. లింగమూర్తి ఏ పనైనా ఒకటే తీరుగా చేస్తాడు: రిజిస్టరు పెడతాడు. కటకం పెట్టె తెరిచిన వేళ, మూసిన వేళ, గదిలో వేడి, గదిలో చెమ్మ, అప్పుడు గదిలో ఊపిరి పీల్చిన వాళ్ళ సంఖ్య, అన్నీ అందులో గళ్ళు గీసి రాశాడు. గదికి ఏసీ వేశారు. పాపం, ఆ ఏసీ అంతకు ముందు ఈఈ గారి గదిలోదే. ఆయన మాత్రం ఉక్కలో చెమటలు కక్కుతూ కూచున్నారు. త్యాగం చేసిన వాళ్ళ ముఖంలో ఉండే తేజస్సు ఆయన ముఖంలో కనిపించేది.

ఇక కటకాన్ని పరీక్షించాలి. ఎలా పరీక్షించాలో కంపెనీ వాళ్ళ పుస్తకంలోనే ఉంది: ఒక ఇటుక గోడ ముందు నిలబడి గోడని ఫొటో తియ్యాలి. మూలల్లో ఇటుకలు కూడా నడిమి ఇటుకలంత పదునుగా వస్తే కటకం మంచిదన్నమాట. ఆఫీసుకి ప్రహరీగోడ ఉండనే ఉంది. ఈఈ గారు ఏసీ గది కిటికీలోంచే స్వయంగా తీశారు. ఫొటోని వార్తాపత్రిక అంత చేసి బల్ల మీద పరిచేసరికి చుట్టూ చేరిన వాళ్ళు ఒకళ్ళ మీద ఒకళ్ళు పడి చూశారు. ఇటుక మీద పాకుతున్న చీమ కాళ్ళు లెక్కపెట్టొచ్చు. దాంతోపాటు గోడలో జుట్టంత పగులు కూడా కనిపించింది. ఆ పగులు గోడ పుట్టినప్పట్నుంచీ ఉంది, దానివల్ల గోడకి గాని మనుషులకి గాని ఏ నష్టమూ జరగలేదు. కాని ఆమోదిత కటకంతో తీసిన ఫొటోలో కనిపించిన మొదటి నష్టం అది. నియమం ప్రకారం వెంటనే మంజూరైంది. ఈ వేసవి పనుల కోసమని తెప్పించిన సిమెంటూ, ఇటుకా, నలుగురు తాపీమేస్త్రీలూ ఆఫీసు గోడ దగ్గరికి వెళ్ళారు.

వాళ్ళు పగులు పూడ్చి, గోడంతా నున్నగా సిమెంటు పూసి సున్నం వేశారు. వారం తిరిగేసరికి మళ్ళీ పరీక్ష. కటకాన్ని వారం వారం పరీక్షించాలని సర్క్యులర్‌లో ఉంది. చూస్తే ఇప్పుడు గోడ మీద ఇటుకలు కనిపించవు. ఇటుకలు లేని గోడ పరీక్షకి పనికిరాదు. మేస్త్రీల్ని మళ్ళీ పిలిచి పూసిందంతా గీకించారు. గీకుతుంటే ఇటుకలు పెచ్చులు ఊడి, మూలలు విరిగి, పైనుంచి కిందకి ఏటవాలుగా చెయ్యి పట్టేంత పగులు ఇచ్చింది. దాన్ని ఫొటో తీశారు. ఫొటో అద్భుతంగా వచ్చింది. గోడ పరిస్థితి మాత్రం ఘోరంగా ఉంది. అత్యవసర పని కింద మళ్ళీ మంజూరైంది. మళ్ళీ పూశారు. మూడో వారం మళ్ళీ గీకారు. కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడిందని మేస్త్రీలు నవ్వుకున్నారు గాని, కూలి పనికి వంక పెట్టడం వాళ్ళ వృత్తి కాదు.

మే పదిహేనో తారీకున సునంద, తాతబ్బాయి మళ్ళీ వెళ్ళారు.

"సార్, లెన్సు పరీక్ష అయిపోయింది కదా," అంది సునంద. "ఒక్కసారి వంతెన దగ్గరికి పంపిస్తే నేనే దగ్గరుండి తీయిస్తాను."

"కాలువ గట్టు మీదికా?" అన్నారు ఈఈ గారు. ఆయన గొంతులో కన్నతండ్రి భయం వినిపించింది. "దుమ్ము, తేమ, వడగాడ్పు. కటకము క్షేత్రమునకు పోరాదు. నియమావళిలో స్పష్టముగా ఉన్నది. వస్తువే కటకము చెంతకు రావలెను."

"వంతెనాండి?" అన్నాడు తాతబ్బాయి.

"వస్తువు ఎంతటిదైనను."

ఎదురుచెప్పడం తాతబ్బాయి ఉద్యోగంలో లేదు. "ఆయ్. వంతెన మొత్తం రాదండి. వచ్చినంత మట్టుకి అట్టుకొత్తాను," అన్నాడు.

మర్నాడు స్తంభం మొదట్లో ఊడిపడ్డ ఇటుకల్ని ఏరి, గోనెసంచిలో వేసి, సైకిలు మీద పెట్టుకుని తొమ్మిది కిలోమీటర్లు తొక్కి తెచ్చాడు. ఇరవై ఇటుకలు. లింగమూర్తి వాటిని చెప్పులు విప్పే చోట ఆపి, దులిపించి, తడిగుడ్డతో తుడిపించి, రిజిస్టరులో "వంతెన, అంశములు ఇరవై" అని రాసుకుని లోపలికి పంపించాడు. ఈఈ గారు అన్నింట్లోకీ నిండైన ఇటుకని ఎంచుకుని, నల్లగుడ్డ మీద నిలబెట్టి ఫొటో తీశారు. నాలుగు రోజులకి నివేదిక వచ్చింది.

"మునగగరువు వంతెన యొక్క ప్రతినిధి ఇటుకను ఆమోదిత కటకముతో పరిశీలించడమైనది. ఇటుక మిక్కిలి దృఢముగా ఉన్నది. నాలుగు అంచులును పదునుగా ఉన్నవి. వంతెన అనగా ఇటుకల సముదాయము గనుక, వంతెనయు దృఢముగానే ఉన్నదని నిర్ణయించడమైనది."

ఆ కాగితం సునంద తాతబ్బాయికి చదివి వినిపించింది. సెక్షను ఆఫీసు వరండాలో మాణిక్యం ఖాళీ క్యాను మీద కూచుని ఉంది. నీళ్ళు వదలడానికి పన్నెండు రోజులు ఉంది.

"ఇటిక బాగుందన్నారా?" అంది మాణిక్యం.

"ఊడిపోయిన ఇటిక బాగుందన్నారు," అన్నాడు తాతబ్బాయి.

మాణిక్యం గట్టు వైపు చూసింది. "పదో తారీకు దాటాక బడి తెరుత్తారు. ఇరవై ముగ్గురు పిల్లలున్నారన్నయ్యా మన పేటలో. ఆళ్ళకి నా అంత జుట్టు కూడా లేదు."

ఆ మాటకి సునంద తల దించుకుంది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి, దాచుకోలేదు కూడా. రాజీనామా రాసి పడేస్తానంది. రాస్తే పిల్లలు వంతెన ఎలా దాటుతారని తాతబ్బాయి అడిగాడు. ఏం తోచక, మంజూరు కోసం పంపాల్సిన దరఖాస్తు ఫారం తీసి మొదట్నించీ చదవడం మొదలెట్టింది. తాతబ్బాయి ఆమె భుజం వెనక నిలబడి, వేలితో గళ్ళు లెక్కపెడుతూ చూశాడు. పని పేరుకి ఒక గడి. సెక్షను పేరుకి ఒక గడి. జతపరచిన ఫొటోల లెక్కకి ఒక గడి. ఆ తర్వాత ఇరవై రెండు గళ్ళు కటకం గురించి. కటకం నంబరు, కటకం వయసు, కటకం చివరిసారి పరీక్షించిన తేదీ, పరీక్షించినప్పటి వాతావరణం, అంచుల పదును, మూలల పదును, సంరక్షకుల సంతకం.

"ఏవండీ మేడం గారూ," అన్నాడు చివరికి. "ఫొటో దేనిదీ అని ఎక్కడా అడగలేదండి."

సునంద ఫారం తిరగేసి చూసింది. వెనక పేజీలోనూ లేదు.

"లింగమూర్తి గారి దగ్గర గోడ ఫొటోలు బోలెడున్నాయండి," అన్నాడు తాతబ్బాయి. "రెండో పరీక్షది ఉంది సూడండి, గీకినప్పుడు తీసింది. ఆ పగులు సూత్తే రాయి కూడా ఏడుత్తాది."

"గోడ ఫొటో పెట్టి వంతెన అని రాయమంటారా? అబద్ధం కాదూ తాతబ్బాయి గారూ?"

"ఏ గడిలో అబద్ధం రాయాల్సొత్తదో సూపించండమ్మా."

సునంద ఒక్కొక్క గడీ చూసింది. పని పేరు: మునగగరువు వంతెన మరమ్మతు. నిజమే. జతపరచిన ఛాయాచిత్రములు: ఒకటి. నిజమే. కటకం: ఆమోదితమైనదే. అంచులు: పదునైనవే. ఏ గడిలోనూ అబద్ధానికి చోటు దొరకలేదు. నిజానికి కూడా ఎక్కువ చోటు లేదనుకోండి. నిండా మునిగాక చలేమిటని ఆమె కలం తీసుకుంది.

లింగమూర్తిని అడిగితే ఆల్బంలోంచి ఫొటో ప్రతి ఒకటి తీసి ఇచ్చాడు. గోడ ఫొటో వంతెన పనికి ఎందుకని అడగలేదు. "కటకం నంబరు సరిపోయిందమ్మా. బొమ్మలో ఏముందన్నది నా పరిధిలో లేదు," అన్నాడు సంతకం చేస్తూ.

ఈఈ గారు ఆ ఫొటోని అందుకుని, భూతద్దంతో మొదటి మూల చూసి తల పంకించారు. రెండో మూల చూసి చిరునవ్వు నవ్వారు. నాలుగో మూలకి వచ్చేసరికి కళ్ళజోడు తీసి కళ్ళు ఒత్తుకున్నారు.

"సునందా, ఇదమ్మా ఛాయాచిత్రమంటే. మూల ఇటుక కూడా ప్రత్యేకంగా మొర పెట్టుకుంటున్నది. ఇంత దయనీయమైన వంతెనను ఇన్నాళ్ళు నా దృష్టికి ఎందుకు తేలేదు?"

ఆ గోడని ఫొటో తీసింది ఆయనే. రోజూ పొద్దున ఆ గోడ పక్కనే జీపు దిగుతారు. అయినా గుర్తుపట్టలేదు. గుర్తుపట్టాలంటే నడుమ చూడాలి.

మంజూరు అదే రోజు వచ్చింది. ప్రహరీగోడని మూడోసారి పూయబోతున్న మేస్త్రీలు తాపీలు కడుక్కుని, మిగిలిన సిమెంటూ ఇటుకా ట్రాక్టరుకెక్కించుకుని మునగగరువు వచ్చారు. ఇంకా తొమ్మిది రోజులే ఉంది. తాతబ్బాయి వాళ్ళతోపాటు ఇటుకలు అందించాడు. మాణిక్యం పాలు పోసొచ్చి, కుండతో మజ్జిగ తెచ్చి పోసేది. పేటలో ఆడవాళ్ళు ఇసక మోశారు. సునంద చీర కొంగు నడుముకి దోపి కాలువలోకి దిగి, పునాది తన చేత్తో తట్టి చూసుకుంది. మే ముప్ఫయ్యో తారీకు సాయంత్రానికి స్తంభం బిగిసింది, పలకలు సరిగ్గా కూర్చున్నాయి, చివర్న కమ్మీలు కూడా వేశారు. "పని పిదప" ఫొటో ఒకటి పంపాలన్నారు. లింగమూర్తి ఆల్బంలోంచి సున్నం వేసిన గోడ ఫొటో వెళ్ళింది. శభాష్ అని రాసి వెనక్కి వచ్చింది. తాతబ్బాయి మోకు విప్పి ఇంటికి పట్టుకుపోయాడు.

ఒకటో తారీకున నీళ్ళు వచ్చాయి. ఎర్రగా, నురగ కట్టుకుని వచ్చి స్తంభాన్ని కొట్టుకుని రెండుగా చీలి ముందుకి పోయాయి. తాతబ్బాయి వంతెన మధ్యలో కూచుని, అరిచేతిని పలక మీద ఆనించి చాలాసేపు ఉన్నాడు. పలక అదరలేదు. ఆ రోజు అతనికి అన్నం సహించింది.

బడి తెరిచిన వారానికి ఈఈ గారి పై అధికారి ఎస్ఈ గారు తనిఖీకి వచ్చారు. వేసవి పనులన్నిట్లోకీ ఈ వంతెన ఫొటోలే ఉత్తమంగా ఉన్నాయని రాష్ట్రమంతా చెప్పుకుంటున్నారట, చూసిపోదామని వచ్చారు. వెనక ఈఈ గారు, ఆయన వెనక సునంద, అందరికీ వెనక తాతబ్బాయి. ఎస్ఈ గారు వంతెన నడిమికి నడిచి, ఫొటోలు రెండూ విప్పి చేతుల్లో పట్టుకుని, ఫొటో చూసి వంతెన చూశారు. వంతెన చూసి ఫొటో చూశారు. సునంద కమ్మీ పట్టుకుంది.

"గజాననరావ్," అన్నారు ఎస్ఈ గారు, "ఫొటోలో నిటారుగా పెద్ద ఇటుక కట్టడం ఉంది. కాలువే లేదు. ఇక్కడేమో కాలువ ఉంది, అటూ ఇటూ గట్లున్నాయి. సరిపోవడం లేదేమిటి?"

గజాననరావు గారు భూతద్దం తీసి ఫొటో మూలలు చూశారు. జీవితంలో మొదటిసారి వంతెన వైపు కూడా చూశారు. ఆయన ముఖంలో ఒక పెద్ద పోరాటం కనిపించింది. అది ఎక్కువసేపు సాగలేదు.

"సార్, కటకము అబద్ధమాడదు," అన్నారు.

"అంటే?"

"తేడా ఉన్నది అంటే, ఆ తేడా వస్తువునందే ఉన్నది."

ఎస్ఈ గారు ఫొటోని తిప్పి చూశారు. ఫొటో మీద ఆమోదముద్ర ఉంది, నంబరు ఉంది, మూడు సంతకాలున్నాయి. వంతెన మీద ఎవరి సంతకమూ లేదు. ఆయన వెంట వచ్చిన గుమాస్తా వంతెన కమ్మీ మీద కాగితం పెట్టుకుని రాసుకుంటుంటే, ఎస్ఈ గారు వంతెన మధ్యలో నిలబడి తనిఖీ నివేదిక చెప్పారు.

"ఆమోదిత ఛాయాచిత్రమునందలి వంతెన సదరు స్థలమునందు కానరాలేదు. ప్రస్తుతము ఇచ్చట నున్న కట్టడము ఛాయాచిత్రముతో సరిపోలనందున దీనిని వంతెనగా పరిగణించుటకు వీలులేదు. అసలు వంతెన ఎచ్చటనున్నదో వెదకి కనుగొనవలెను."

"మరి దీన్నేం చెయ్యమంటారు సార్?" అంది సునంద మెల్లిగా.

"లేనిదాన్ని ఏం చేస్తామమ్మా? ఉన్నదాన్ని వెతికించు. కాలువ పారుతోంది కాబట్టి ఇప్పుడు కుదరదు. వచ్చే వేసవిలో కాలువ కట్టేశాక మొదలుపెట్టండి."

"ఆయ్. ఎతుకుతానండి," అన్నాడు తాతబ్బాయి.

అప్పుడు అవతలి గట్టు నుంచి మాణిక్యం వస్తోంది. రెండు చేతులా రెండు క్యాన్లు, నిండుగా ఉన్నాయి. వెనక పుస్తకాల సంచులతో బడిపిల్లలు. వంతెన మధ్యకి వచ్చి ఆగింది. ఎదురుగా ఎస్ఈ గారు, ఈఈ గారు, గుమాస్తా, పరిచిన ఫొటోలు.

"కూసింత పక్కకి జరగండి బాబూ," అంది. "వంతెనకి అడ్డంగా నిలబడ్డారు."

ఎస్ఈ గారు జరిగారు. ఈఈ గారు ఫొటోలు గుండెకి హత్తుకుని కమ్మీకి ఆనుకున్నారు. మాణిక్యం వాళ్ళ మధ్యలోంచి, కిందకి చూడకుండా, ఏమీ పట్టుకోకుండా నడిచి వెళ్ళింది. ఆమె వెనకే పిల్లలు పరిగెత్తారు.

తాతబ్బాయి సైకిలు ట్యూబు తొడిగిన ఫోను తీసి ఒక ఫొటో తీశాడు. ఎస్ఈ గారికి తల పడలేదు, ఈఈ గారు సగమే పడ్డారు, మూలల్లో ఏముందో ఎవరూ చెప్పలేరు. అస్పష్టం. మిక్కిలి అస్పష్టం. నడుమ మాత్రం మాణిక్యం పొడి జుట్టుతో వంతెన దాటుతోంది.